నాలుక క్రింది మాత్ర
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు ఈ వేదికమీద పంచాంగ శ్రవణము వినుట, పిల్లల పాటలు వినుట మనకు అలవాటు. ఈ ఏడు కార్యదర్శిగారు మమ్ము పిలిచి, గుండె జబ్బు మాత్రలను గూర్చి కాసేపు మాటలాడమన్నారు. మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషను చదివి, రైల్వే పార్సెలు ఆఫీసులో రసీదులు వ్రాసుకొనే గుమాస్తాలము. అయినా ఒప్పుకొన్నాము. ఎందుకనగా, ఈ సంగతిలో మా ఇంట చాలా తప్పులు జరిగినవి. వాటిని దాచుకొంటే మాకు మిగిలేది సిగ్గు మాత్రమే. చెబితే మరొక ఇంటికి మేలు జరుగుతుంది.

ఇది మా నాన్నగారి కథ. ఆయన గూడ్సు గార్డుగా పనిచేసి రిటైరైనారు. ఇప్పుడు మొదటి వరుసలో కూర్చుని మావైపే చూస్తున్నారు. ఆయన అనుమతి తీసుకొనే చెబుతున్నాము. అనుమతి ఇస్తూ ఒక షరతు పెట్టినారు: "నా తప్పులు చెప్పు, నీ తప్పులు కూడా చెప్పు" అని. న్యాయమైన షరతే.

ముందుగా జబ్బు సంగతి. గుండె అందరికీ రక్తము పంపుతుంది గాని, తనకు కావలసిన రక్తము తనచుట్టూ ఉన్న సన్నని నాళముల ద్వారానే తెచ్చుకోవలెను. ఆ నాళములు లోపల క్రొవ్వు పేరుకొని ఇరుకైనప్పుడు, ఊరక కూర్చున్నంతసేపు ఏమీ తెలియదు. ఫుట్‌బ్రిడ్జి మెట్లెక్కినప్పుడో, నిండుగా భోజనము చేసి నడిచినప్పుడో, కోపము వచ్చినప్పుడో గుండెకు ఎక్కువ రక్తము కావలసి వస్తుంది, నాళము ఇవ్వలేదు. అప్పుడు రొమ్ము నడుమ బరువు పెట్టినట్లు, బిగించినట్లు ఉంటుంది. ఎడమచేతికో, దవడకో, వీపుకో ప్రాకుతుంది. ఆగితే కొద్ది నిముషాలలో తగ్గుతుంది. దీనినే ఆంజైనా అంటారు. లండనులో విలియం హెబెర్డెన్ అనే వైద్యుడు 1768లో దీనిని వర్ణించి, ఆ పేరు పెట్టినాడు. ఆంజైనాలో గుండె కండరము ఆకలితో అలమటిస్తుంది. గుండెపోటులో ఆ కండరము చచ్చిపోతుంది. ఈ భేదము గుర్తుంచుకోండి. మా ఇంటి కథ అంతా ఈ భేదము మీదనే నడిచినది.

మా నాన్నగారికి ఆంజైనా అని తేలిన రోజున డాక్టరుగారు రెండు రకముల మాత్రలు వ్రాసినారు. ఒకటి నొప్పి వచ్చినప్పుడు నాలుక క్రింద పెట్టుకొనేది, ఐసోసార్బైడ్ డైనైట్రేట్, 5 మిల్లీగ్రాములు. మనలో అందరూ సార్బిట్రేట్ అనే పేరుతో ఎరుగుదురు. రెండవది నొప్పి రాకుండా రోజూ మ్రింగేది, ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్, 20 మిల్లీగ్రాములు. రెండూ నైట్రేటు జాతి మందులే. పేర్లు అన్నదమ్ముల పేర్లవలె ఉన్నవి గాని, పనిచేసే తీరు వేరు. ఒకటి ఎక్స్‌ప్రెస్సు, రెండవది ప్యాసింజరు. ఎక్స్‌ప్రెస్సు ఎక్కవలసిన వేళ ప్యాసింజరు ఎక్కితే ప్రాణము స్టేషనులోనే ఉండిపోతుంది. అందుచేత మీ ఇంట ఉన్న మాత్ర ఏ రకమో ఈ రాత్రే చూచుకోండి.

ఈ మందుల పుట్టుక వింత. ఇటలీ దేశములోని ట్యూరిన్ నగరములో 1847లో అస్కానియో సొబ్రేరో అనే రసాయనికుడు నైట్రోగ్లిసరిన్ తయారుచేసినాడు. రవ్వంత నాలుకపై వేసి చూచుకొంటే తల పగిలిపోయేంత నొప్పి వచ్చినది. అదే పదార్థముతో ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైటు చేసి 1867లో పేటెంటు పొందినాడు. కొండలు పగులగొట్టి రైలు దారి వేయుటకు అది పనికివచ్చినది. 1879లో లండను వైద్యుడు విలియం మరెల్ దానినే అతిస్వల్ప మోతాదులో ఆంజైనా రోగులకు ఇచ్చి, నొప్పి తగ్గుటను లాన్సెట్ పత్రికలో ప్రకటించినాడు. నోబెలుకే ముసలితనములో గుండె జబ్బు వస్తే వైద్యులు ఈ మందే వ్రాసినారు. ఈ మందు శరీరములో నైట్రిక్ ఆక్సైడు అనే వాయువుగా మారి నాళములను సడలిస్తుందని తరువాతి కాలములో తెలిసినది. ఆ వాయువును గూర్చిన పరిశోధనకు ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెలు పేరనే బహుమతి ఇచ్చినారు.

ఇది ఎట్లు పనిచేస్తుందో డాక్టరుగారు మాకు ఒక్క మాటలో చెప్పినారు. నాళములు సడలగానే రక్తము కాళ్ళలోను, పొట్టలోను కొంత నిలుస్తుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తము తగ్గి, దాని బరువు తేలికౌతుంది. గుండె నాళములు కూడా కొంత విచ్చుకొంటవి. అంతే. పేరుకొన్న క్రొవ్వును ఇది కరిగించదు. అడ్డును తొలగించదు. నొప్పి తగ్గినదంటే జబ్బు తగ్గినదని కాదు.

ఈ ఒక్కమాట నుండే మొదటి నియమము పుడుతున్నది. రక్తము కాళ్ళలోకి దిగితే తలకు తక్కువౌతుంది. కనుక మాత్ర వేసుకొనే ముందు కూర్చోవలెను. మా నాన్నగారికి ఈ మాట చెప్పియే పంపినారు. కాని గార్డుగా ముప్పది ఏళ్ళు బ్రేకువానులో నిలబడ్డ మనిషి. ఒక సాయంకాలము ఫుట్‌బ్రిడ్జి మెట్లమీద నొప్పి వస్తే, నిలబడియే మాత్ర వేసుకొని, రెండు మెట్లు దిగినారు. మూడవ మెట్టు ఆయనకు తెలియదు. కనుబొమ్మపైన ఆరు కుట్లు పడినవి. ఆ మచ్చ ఇప్పటికీ ఉన్నది. కావలసినవారు సభ అయిన తరువాత చూడవచ్చును.

కూర్చుని వేసుకోవలెను. కుర్చీ లేకపోతే మెట్టుమీద, ప్లాట్‌ఫారముమీద, నేలమీద కూర్చోవలెను. సిగ్గుపడరాదు. పూరీ రథయాత్రలో గంటల తరబడి నిలబడేవారు, ఎండాకాలములో చెమటపట్టి నీరు తగ్గినవారు, వేడినీళ్ళ స్నానము చేసి వచ్చినవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. మాత్ర వేసుకొన్న తరువాత దిగ్గున లేవరాదు. కళ్ళు తిరిగితే పడుకొని కాళ్ళక్రింద దిండు పెట్టవలెను.

రెండవ నియమము: నాలుక క్రింద పెట్టే మాత్రను మ్రింగరాదు. మ్రింగిన మందులో చాలా భాగమును కాలేయము దారిలోనే విరుగగొడుతుంది. నాలుక క్రింద చర్మము పలుచన కాబట్టి మందు నేరుగా రక్తములో కలుస్తుంది. కొద్ది నిముషాలలో పని మొదలౌతుంది. నోరు ఎండిపోయి ఉంటే ఒక గుక్క నీరు పుక్కిలించి అప్పుడు పెట్టుకోవలెను. మాత్ర కరిగేవరకు తినరాదు, త్రాగరాదు. మన రైల్వేవారిలో ఖైనీ నోట్లో లేనివారు తక్కువ. కొందరికి గుడాఖు, మన శ్రీకాకుళం వైపునుండి వచ్చిన ముసలమ్మలకు అడ్డచుట్ట. వాటిని ఉమ్మి, నోరు కడిగి మాత్ర పెట్టుకోవలెను. నిజానికి గుండె జబ్బు వచ్చినవారు వాటిని పూర్తిగా మానవలెను. ఒక చేత్తో నాళమును విప్పుతూ రెండవ చేత్తో బిగించుట ఏమి తెలివి?

మూడవది అన్నింటికంటె ముఖ్యము. ఇది చెప్పుటకే ఈ సభకు వచ్చినాము.

మూడేళ్ళ క్రిందట ఒక చలికాలపు రాత్రి తొమ్మిదిన్నరకు నాన్నగారికి నొప్పి వచ్చినది. మంచముమీద కూర్చునే ఉన్నారు, ఏ శ్రమా చేయలేదు. ఒక మాత్ర పెట్టుకొన్నారు. కొంచెము తగ్గినట్లైనది. పది గంటలకు మరొకటి. "ఇది గ్యాసురా" అన్నారు. అమ్మ వాము నీళ్ళు కాచి ఇచ్చినది. మేము వీపు రాచినాము. తెల్లచొక్కా చెమటతో తడిసి ముద్దయినది. అప్పుడైనా మాకు తెలియవలసినది. "ఇంత రాత్రి ఎవరిని లేపుతావు? ఇంకొకటి వేసుకొంటే సర్దుకొంటుంది" అన్నారు. మేము ఆయన మాట కాదనలేకపోయినాము. పదకొండుకు ముఖము బూడిదవన్నె కాగా అప్పుడు 108కి ఫోను చేసినాము. భువనేశ్వరము మనకు 20 కిలోమీటర్లే. కాని అప్పటికే గంటన్నర పోయినది.

బ్రతికి బయటపడ్డారు. నాళములో గొట్టము వేసి అడ్డు తీసినారు. కాని గుండె కండరములో ఒక భాగము చచ్చిపోయినది. బయట బెంచీమీద కూర్చున్న మాకు డాక్టరుగారు నెమ్మదిగా చెప్పినారు: "మాత్ర తప్పు చేయలేదు బాబూ, మాత్రను నమ్ముకొని మీరు కూర్చున్నారు." ఆ మాట మేము మరువలేము. నాన్నగారు మొండిపట్టు పట్టినారు, అది ఆయన తప్పు. ఫోను మా చేతిలో ఉన్నది, అది మా తప్పు.

కనుక వినండి. మాత్ర నాలుక క్రింద పెట్టుకొన్న క్షణమున గడియారము చూడవలెను. ఐదు నిముషములకు నొప్పి తగ్గకపోయినా, ఎక్కువైనా, 108కి ఫోను చేయవలెను. బండి వచ్చేలోపల, డాక్టరు అట్లు చెప్పి ఉంటే, ఐదేసి నిముషముల ఎడముతో మరొకటి, తరువాత మరొకటి వేసుకోవచ్చును. మొత్తము మూడు మించరాదు. ముందు ఫోను, తరువాత రెండవ మాత్ర. విశ్రాంతిలో వచ్చిన నొప్పి, ఎన్నడూ లేనంత నొప్పి, చెమటతోనో వాంతితోనో ఆయాసముతోనో కూడిన నొప్పి అయితే ఐదు నిముషములు కూడా ఆగనక్కరలేదు. స్త్రీలకు, మధుమేహము ఉన్నవారికి నొప్పి లేకుండా ఆయాసము, నీరసము మాత్రమే రావచ్చును. దానిని గ్యాసని త్రోసివేయరాదు. స్కూటరుమీద వెనుక కూర్చోబెట్టుకొని తీసుకుపోరాదు. రైలులో ఉంటే 139కి చెప్పవలెను. ఇది గ్యాసా, గుండెనా అని తేల్చవలసినది మనము కాదు, ఇ.సి.జి. యంత్రము. గ్యాసని తేలితే నవ్వుకొంటూ తిరిగిరావచ్చును.

కొన్నాళ్ళు నొప్పి అలవాటుగా వచ్చిపోతూ, ఉన్నట్టుండి తరచుగా రావడమో, తక్కువ శ్రమకే రావడమో, మాత్రలు ఎక్కువ ఖర్చు కావడమో జరిగితే అదొక హెచ్చరిక సిగ్నలు. వెంటనే డాక్టరును చూడవలెను. మా ఇంట ఇప్పుడు ఒక చిన్న పుస్తకము పెట్టినాము. ఏ తేదీన, ఏ వేళకు, ఏమి చేస్తుండగా నొప్పి వచ్చినది, ఎన్ని మాత్రలు వాడినారు అని వ్రాస్తాము. గార్డు జర్నలు వ్రాసిన చెయ్యి కాబట్టి నాన్నగారికి అది ఇష్టమైన పనే అయినది.

ఇక రోజూ మ్రింగే మాత్ర. దీనిలో ఒక విచిత్రమున్నది. నైట్రేటు రోజంతా ఎడతెగక రక్తములో ఉంటే శరీరము దానికి అలవాటుపడి లొంగుట మానుతుంది. డైనమైటు కర్మాగారములలో పనిచేసినవారి అనుభవము ఇదే. సోమవారము పనిలోకి రాగానే తలనొప్పి, వారము గడిచేకొద్దీ తగ్గిపోవుట, ఆదివారము సెలవు తరువాత మళ్ళీ సోమవారము తలనొప్పి. కనుక వైద్యులు రోజులో 10 నుండి 12 గంటలు మందు లేని వేళ ఉండేటట్లు మోతాదులు అమరుస్తారు. రెండుపూటల మోనోనైట్రేట్ మాత్ర ఉదయము 8కి, మధ్యాహ్నము 3కి ఇచ్చుట అందుకే. రోజుకొక్కసారి వేసుకొనే నిదానపు మాత్ర అయితే సాధారణముగా ఉదయమే. చర్మముమీద అంటించే పట్టీ అయితే దాదాపు 12 గంటలు ఉంచి, రాత్రి తీసివేయమంటారు. మరుసటి రోజు వేరేచోట అంటించవలెను. ఎవరికి రాత్రి నొప్పి ఎక్కువో వారికి డాక్టరు వేళలు మార్చవచ్చును. అది వారి పని.

మేమేమి చేసినాము? రెండుపూటలా అంటే ఉదయము 8, రాత్రి 8 అని మా తెలివితేటలతో సమముగా పంచినాము. మూడు వారములకు నాన్నగారు మళ్ళీ మెట్లమీద ఆగుట మొదలుపెట్టినారు. మందు బలము చాలలేదేమో, ఇంకొకటి వేద్దామా అని కూడా అనుకొన్నాము. డాక్టరుగారు వేళలు అడిగి, నవ్వి, "డ్యూటీ చేసినవాడికి రెస్టు ఇవ్వరా మీ రైల్వేలో?" అన్నారు. రెస్టు లేని డ్రైవరుకు సిగ్నలు కనపడదు. రెస్టు లేని మందు పని చేయదు. మోతాదు పెంచకుండానే, వేళ మార్చినంతమాత్రాన సర్దుకొన్నది.

ఈ మాత్రల వేళ తప్పితే, మరుసటిపూట రెండు కలిపి వేసుకోరాదు. నిదానపు మాత్రను నమలరాదు, నూరరాదు. తగ్గినది కదా అని హఠాత్తుగా మానరాదు. మానితే నొప్పి తిరగబడవచ్చును. ఊరికి పోయేటప్పుడు వారము మాత్రలు అదనముగా పెట్టుకోవలెను.

తలనొప్పి సంగతి. మొదటి రోజులలో చాలామందికి వస్తుంది. ముఖము వేడెక్కుతుంది. మందు నాళములను విప్పుతున్నదనుటకు అది గుర్తు. సాధారణముగా కొన్నాళ్ళకు తగ్గుతుంది. డాక్టరును అడిగి పారాసిటమాల్ వేసుకోవచ్చును. ఆ తలనొప్పికి భయపడి మాత్ర మానేసినవారు మన కాలనీలోనే ఇద్దరున్నారు. మానవలదు. భరించలేకపోతే డాక్టరుకు చెప్పండి, మోతాదు తగ్గిస్తారు.

ఇక్కడ మా మేనత్తగారి కథ చెప్పవలెను. అమ్మ పుట్టింటికి పోయినప్పుడు నాన్నగారికి వండిపెట్టుటకు అత్త పలాసనుండి వచ్చినది. ఆమెకు ఒరియా రాదు. మందుల దుకాణము కుర్రవాడు మాత్ర చూపి "జిభ తళే, జిభ తళే" అన్నాడు. నాలుక క్రింద అని దాని అర్థము. అత్తకు "తల" అన్నట్లు వినిపించినది. తలనొప్పి మాత్ర అనుకొన్నది. ఆ సాయంత్రము నాన్నగారికి మందు వలన తలనొప్పి రాగా, తమ్ముని మీది ప్రేమతో అదే మాత్ర పాలతో ఇచ్చినది. తగ్గకపోతే ఇంకొకటి ఇవ్వబోతుండగా మేము డ్యూటీనుండి వచ్చినాము. నవ్వుకొనే కథే గాని, ఆ వేళకు రాకపోయి ఉంటే నవ్వేవారము కాము. ఒకచోట పుట్టి ఒకచోట బ్రతికే మనవంటివారి ఇళ్ళలో ఇది ఎప్పుడైనా జరుగవచ్చును. లేబులు అర్థము కాని పార్సెలు తప్పు స్టేషనులో దిగుతుంది. మేము ఆ మరునాడే మూడు కవర్లు చేసి, పెద్ద తెలుగు అక్షరములతో వ్రాసినాము: "నొప్పికి, కూర్చుని, నాలుక క్రింద", "ఉదయము 8, మ్రింగునది", "మధ్యాహ్నము 3, మ్రింగునది." మాత్రను దాని రేకునుండి వేరుచేయక అట్లే కవరులో పెట్టినాము. మందు పేరు, గడువు తేదీ రేకు మీదనే ఉంటవి కదా.

దాచుట కూడా ముఖ్యమే. నైట్రోగ్లిసరిన్ మాత్రలు గాజుసీసాలో వస్తే ఆ సీసాలోనే ఉంచి మూత బిగించవలెను. వెలుతురు, వేడి, గాలి దానికి శత్రువులు. ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చరాదు. వంటింటి అలమరలోను, ఒంటికి ఆనుకొని చెమటపట్టే జేబులోను ఎప్పుడూ ఉంచరాదు. పైసంచీలో పెట్టుకోవచ్చును. ఏ రకమైనా గడువు తేదీ చూచి, ఉగాదికొకసారి, దసరాకొకసారి మార్చుకోండి. మాత్ర బీరువాలో తాళము వేసి ఉండరాదు. ఎక్కడ ఉన్నదో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండవలెను, పసిపిల్లలకు మాత్రము అందరాదు.

ఇప్పుడు ఒక మొగమాటము గల సంగతి. ఆడవారు, పెద్దలు ఉన్న సభ. అయినా ప్రాణముకంటె మొగమాటము పెద్దది కాదు. సిల్డెనాఫిల్, టాడలాఫిల్ అనే మాత్రలు మగవారు కొందరు రహస్యముగా కొనుక్కొంటారు. నైట్రేటు వాడేవారు వాటిని ముట్టరాదు. రెండూ కలిస్తే రక్తపోటు పాతాళమునకు పడిపోయి ప్రాణము పోవచ్చును. సిల్డెనాఫిల్ వేసుకొన్న 24 గంటలలోపల, టాడలాఫిల్ వేసుకొన్న 48 గంటలలోపల నైట్రేటు తగదు. అట్టివానికి రొమ్ము నొప్పి వస్తే సిగ్గు విడిచి అంబులెన్సువారికి, డాక్టరుకు చెప్పవలెను. వారు వేరే మందు ఇస్తారు. ఇవే మాత్రలను ఊపిరితిత్తుల రక్తపోటుకు స్త్రీలకు సైతము ఇస్తారు గనుక ఆడవారూ తమ చీటీ చూపవలెను. మద్యము కూడా రక్తపోటును తగ్గించి నైట్రేటుతో కలిసి పడవేస్తుంది. రక్తపోటు మాత్రలు, మూత్రము పోయించే మాత్రలు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు తెలుపవలెను.

మరొకటి. "రొమ్ము నొప్పి వస్తే ఎవరికైనా సార్బిట్రేట్ పెట్టండి" అని ఫోనులలో సందేశములు తిరుగుతున్నవి. ఒక పెండ్లి ఇంట మేము కళ్ళారా చూచినాము. ఒక పెద్దమనిషికి రొమ్ములో నలతగా ఉన్నదంటే, పక్కాయన తన జేబులోని మాత్ర తీసి నోట్లో పెట్టినాడు. మంచి మనసే. రెండు నిముషములలో ఆ పెద్దమనిషి కూలిపోయినాడు. ఆయనకు గుండెనుండి రక్తము బయటికి పోయే కవాటము ఇరుకై ఉన్నదని ఆసుపత్రిలో తెలిసినది. దైవవశాత్తు కోలుకొన్నారు. కవాటము బాగా ఇరుకైనవారికి, రక్తపోటు ముందే తక్కువగా ఉన్నవారికి, గుండె కుడిభాగమున పోటు వచ్చినవారికి ఈ మాత్ర అపాయము. చూచి చెప్పుటకు మనకు కన్ను లేదు. ఈ మాత్ర పాసువంటిది. ఎవరి పేరున వ్రాసినారో వారికే చెల్లుతుంది. చీటీ లేనివారికి నొప్పి వస్తే మనము చేయగలది కూర్చోబెట్టుట, బిగువు బట్టలు వదులుచేయుట, 108కి ఫోను చేయుట, వారు ఫోనులో చెప్పినట్లు నడుచుకొనుట.

చివరగా బలహీనమైన గుండెను గూర్చి. గుండెపోటు తరువాత నాన్నగారికి ఆయాసము, కాళ్ళ వాపు వచ్చినవి. దీనిని హార్ట్ ఫెయిల్యూరు అంటారు. పేరు విని అమ్మ ఏడ్చినది. గుండె ఆగిపోవుట కాదు, పంపు బలము తగ్గుట. ఈ జబ్బులో నైట్రేటు గుండెకు వచ్చే బరువును తగ్గించి, ఆయాసమునకు ఉపశమనమిస్తుంది. హైడ్రలజీన్ అనే మందుతో కలిపి ఐసోసార్బైడ్ డైనైట్రేట్ ఇస్తే కొందరి ఆయుస్సు కూడా పెరుగుతుందని అమెరికాలో 1986లోను, 2004లోను ప్రకటించిన పరిశోధనలు చూపినవి. అయితే అన్ని బలహీనపు గుండెలకూ ఇది మందు కాదు. పంపు బలము బాగానే ఉండి గుండె గోడలు బిగిసినవారికి మోనోనైట్రేట్ ఇచ్చి చూస్తే వారు మునుపటికంటె తక్కువ తిరుగాడినారని 2015లో తేలినది. కనుక పొరుగాయన చీటీ చూచి మనము మందు అడుగరాదు. ఈ జబ్బుకు ముఖ్యమైన మందులు వేరే ఉన్నవి, వాటిని విడువక వాడవలెను. నాన్నగారిని ప్రతి ఉదయము మూత్రవిసర్జన తరువాత, ఫలహారమునకు ముందు కాటామీద నిలబెడతాము. మూడు రోజులలో 2 కిలోలు పెరిగితే ఒంటిలో నీరు చేరుతున్నదని అర్థము, డాక్టరుకు తెలుపుతాము. పార్సెలు తూచుట మా వృత్తి కదా, ఇంటిలో కూడా అదే పని అని అమ్మ నవ్వుతుంది. ఉప్పు తగ్గించినాము. ఆవకాయ జాడీ అటకెక్కినది. ఇందాక ఉగాది పచ్చడిలో ఆయన వంతుకు ఉప్పు వేయలేదు. ఐదు రుచులతోనే సంవత్సరము మొదలుపెట్టినారు.

పెద్దలారా! మా తాతలు రైలుమార్గముతోబాటు ఈ ఊరు వచ్చినారు. రైల్వేలో ప్రతి నియమము వెనుక ఒక ప్రమాదమున్నదని నాన్నగారు మాకు చిన్నప్పుడు చెప్పేవారు. ఈ మాత్ర నియమములు కూడా అట్టివే. మావి మేము కుట్లతోను, కన్నీళ్ళతోను నేర్చుకొన్నాము. మీరు వినియే నేర్చుకొనవలెనని కోరిక. మీ డాక్టరు మీకు వేరుగా చెప్పి ఉంటే వారి మాటే చెల్లుతుంది, మా మాట కాదు.

కార్యదర్శిగారి అనుమతితో ఈ క్రింది నాలుగు మాటలను సంచికలో విడిగా అచ్చువేయించుచున్నాము. కత్తిరించి గోడమీద, ఫోను నంబర్ల ప్రక్కన అంటించండి.

కూర్చో. నాలుక క్రింద పెట్టు. గడియారము చూడు. ఐదు నిముషములకు తగ్గకపోతే 108.

ఈ కొత్త సంవత్సరములో ఈ చీటీ ఎవరికీ అవసరము రాకుండుగాక. అవసరము వచ్చిన ఇంట ఇది గోడమీద ఉండుగాక.